గాలిమోటరుకు ఏ చీర?

మా పాన్‌గల్‌లో ఎవరైనా ఊరికి బయల్దేరితే "మళ్ళెప్పుడొస్తవు?" అని అడగడం ఆనవాయితీ. నేను అమెరికా పోతున్నానని తెలిశాక వాడకట్టు ఆడవాళ్ళెవరూ ఆ మాట అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ చీర గట్టుకొని పోతవు?"

ఇది 2019 నాటి మాట. డాలస్‌లో మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. రెండు పెట్టెలూ పచ్చళ్ళతో, పొడులతో, శొంఠితో నిండిపోయాయి. చీర సంగతే తేలలేదు.

"గద్వాల పట్టుచీర తియ్యి వదినా! గాలిమోటర్ల అందరూ పెద్దోళ్ళే ఉంటరు" అంది పక్కింటి వదిన. గాలిమోటరు అన్నమాట ఇప్పటి పిల్లలకు నవ్వు తెప్పిస్తుంది గాని, నాకు మాత్రం విమానం కన్నా ఆ మాటే బాగుంటుంది.

ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, చీర వద్దు. వదులు చుడీదార్ వేసుకో, పైన స్వెటర్, కాళ్ళకు మేజోళ్ళు. చీరలన్నీ పెట్టెలో పెట్టుకో."

నేను సరే అన్నాను. కాని మనసులో ఏదో కలుక్కుమంది. నలభై ఏళ్ళ బట్టి చీరే కట్టుకున్నాను. చీరతోనే బడిలో పాఠాలు చెప్పాను, చీరతోనే మా ఊరి కోటగుట్ట ఎక్కాను. ఇప్పుడు అక్కడి స్నేహితుల ముందు అమ్మ చీరలో దిగితే బిడ్డకు నామోషీ కాబోలు! ఈ మాట అమ్మాయితో అనలేదు, మా ఇంటాయనతోనూ అనలేదు. బీరువా తీసి, ఉన్నవాటిలో అన్నిటికన్నా బరువైన పట్టుచీర బయట పెట్టాను. చూద్దాం, ఎవరికి నామోషీయో!

కొత్తకోట దగ్గర పెద్దరోడ్డు ఎక్కి, జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ చేరేదాకా నా వైభోగం చూడవలసిందే. తనిఖీ దగ్గరికి వచ్చేసరికి మొదలయింది. గాజులు కుయ్ మన్నాయి. జడపిన్నులు కుయ్ మన్నాయి. కుచ్చిళ్ళకు, పైటకు, రవికెకు పెట్టిన పిన్నీసులు ఒకదాని తరువాత ఒకటి కుయ్ మన్నాయి. తెర వెనక తనిఖీ చేసే పిల్ల చివరికి నవ్వేసి, "ఇంకెన్ని ఉన్నయమ్మా?" అని అడిగింది. లెక్క నాకు మాత్రం తెలిస్తే కదా!

లోపల కూర్చున్నాక అసలు కథ. అక్కడి చలి మా పుష్యమాసపు చలి కాదు, తడి లేని చలి. పెదవులు పగిలాయి, జరీ అంచు మెడ మీద గీరింది, బిగుతు రవికె చంకల్లో పట్టేసింది. మరుగుదొడ్డి మా దేవుడి గూడు కన్నా కొంచెం పెద్దది. అందులో పట్టుకుచ్చిళ్ళు తడవకుండా పట్టుకోవడం ఒక విద్య. ఎన్నో గంటలు గడిచాక చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతే పట్టలేదు!

పక్క సీటులో గుంటూరు వైపు పెద్దావిడ. ఆవిడది మెత్తని నూలుచీర, మీద ముదురు నీలం స్వెటర్, కాళ్ళకు నల్ల మేజోళ్ళు. మెడలో ఒంటిపేట గొలుసు. ఎంత దర్జాగా ఉందనుకున్నారు! ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నా పట్టుచీర ఆవిడ పక్కన పెళ్ళి అయిపోయాక మిగిలిన పందిరిలా ఉంది.

"నాకిది మూడోసారండీ" అంటూ ఆవిడే చెప్పింది. పైన ఎగిరేటప్పుడు లోపలి గాలి ఆరేడువేల అడుగుల కొండ మీద ఉన్నట్టు పలచబడుతుందట. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నీరు కాళ్ళలోకి దిగుతుందట. అందుకని చెప్పులు వదులుగా ఉండాలి, గంటకోసారి లేచి నడవాలి. నైలాను బట్టలు వద్దట, నిప్పంటుకుంటే ఒంటికి కరిగి అతుక్కుంటాయి. "చీర మానక్కర్లేదండీ, చీలమండ పైకి కట్టుకుంటే చాలు" అంది. చీర ఆకాశానికి కొత్తేమీ కాదు కదా, ఎయిరిండియా ఆడపిల్లలు 1960ల నుంచీ కడుతున్నారు. 2023 డిసెంబరులో వాళ్ళకు కొత్త దుస్తులు వచ్చినప్పుడు, చీర కింద ప్యాంటు వేసుకునే వీలు కూడా పెట్టారు. ఆ వార్త చదివి, ఆ పెద్దావిడ చూసి ఉంటే మెచ్చుకునేది అనుకున్నాను.

డాలస్‌లో బయటికి వస్తే అమ్మాయి నిలబడి ఉంది. నా కళ్ళు దాని కాళ్ళ మీద పడ్డాయి. వాచి ఉన్నాయి, మగవాళ్ళ చెప్పులు వేసుకుంది. దాని కళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. నేను చెప్పులు చేత పట్టుకొని, విమానంలో ఇచ్చిన పల్చటి మేజోళ్ళతో నడుస్తున్నాను. ఇద్దరం నవ్వాము. తరువాత అది ఏడ్చింది.

"నామోషీ అనుకున్నవా బిడ్డా?" అని కారులో అడిగేశాను.

"నామోషీయా? మా స్నేహితురాలి అత్తమ్మ చీర కుచ్చిళ్ళు కదిలే మెట్లల్ల ఇరుక్కొని పడ్డదమ్మా! నువ్వు ఒక్కదానివే దిగి ఎక్కాల్నని నాకు నిద్ర పట్టలే."

ఇంటికి వెళ్ళి పెట్టె తెరిచాము. పొత్తిగుడ్డలకని తెచ్చిన నాలుగు పాత గద్వాల నూలుచీరలు మడత నలగకుండా ఉన్నాయి. గద్వాల చీరలో ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ పోగుపోగునా కలిపి నేస్తారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారని మావైపు చెప్పుకుంటారు. ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుమల వెంకన్నకు జోడుపంచెలు పోయేదీ ఆ మగ్గాల మీది నుంచే. ఇరవై ఏళ్ళు ఉతికి ఉతికి వెన్నలా అయినవి ఆ నాలుగూ. ఒంటికి హాయినిచ్చే చీరలు పెట్టెలో పడుకొని ప్రయాణం చేస్తే, నేను జరీ కట్టుకొని కూర్చున్నాను!

మూడు చీరల అంచులు తీసేసి మనవరాలికి పరిచాము. నాలుగోది చిలకపచ్చది. అమ్మాయి దాన్ని చింపనియ్యలేదు. "ఇది నువ్వు పోయేటప్పటికి" అంది.

ఆరో నెలలో తిరిగి వచ్చేటప్పుడు అదే కట్టుకున్నాను. చీలమండ పైకి కట్టు, వదులు రవికె, రెండే పిన్నీసులు, అమ్మాయి బూడిదరంగు స్వెటర్, మేజోళ్ళు, వెనక పట్టీ ఉన్న వదులు చెప్పులు. అద్దంలో చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, ఆ గుంటూరావిడ గుర్తుకొచ్చింది. తనిఖీ దగ్గర ఒక్క కుయ్ లేదు.

శంషాబాద్‌లో మా ఇంటాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంది, ఇంత పాతచీర? అమెరికా పోయొచ్చినట్లే లేవు."

కారెక్కాక, బయల్దేరే ముందు పాప పాలు కక్కిన భుజం మడత ఆయన ముందుకు జరిపాను. "వాసన జూడుండ్రి" అన్నాను.

జడ్చర్ల దాటేదాకా ఆయన మళ్ళీ చీర మాట ఎత్తలేదు.