నానమ్మ నడకకు సరిపడా వెలుగు



ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవానికి ప్రాజెక్టులు అడిగినప్పుడు ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు, "మనిషి కదిలితే వెలిగి, కాసేపటికి దానంతటదే ఆరిపోయే లైటు చేస్తాను మేడమ్" అన్నాడు. జల్‌పల్లిలో వాళ్ల నానమ్మ ఒక రాత్రి చీకట్లో బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోయారట. స్విచ్ దారికి ఆ చివర, బాత్రూమ్ తలుపు పక్కన ఉంది.

నిజం చెప్పాలంటే, నా నోట వచ్చిన మొదటి మాట "ఆన్‌లైన్‌లో రెడీమేడ్‌గా దొరుకుతుంది కదా!" సైన్స్ చెబుతాను కానీ, అప్పటివరకు నా చేత్తో ఒక్క సర్క్యూట్ కూడా కట్టలేదు. వాడి ముఖం చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఆదివారం వాళ్ల నాన్నగారు కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లి సామాను కొనిపెట్టారు: కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్, 555 టైమర్ ఐసీ, ఒక ట్రాన్సిస్టర్, రెసిస్టర్లు, కెపాసిటర్లు, తెల్ల ఎల్‌ఈడీలు, బ్రెడ్‌బోర్డ్. రెండు సాయంత్రాలు లైటు వెలగనే లేదు. సెన్సర్ మనిషిని చూస్తే వోల్టేజీ పెంచుతుంది. 555 మొదలవ్వాలంటే వోల్టేజీ తగ్గాలి. మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టి సిగ్నల్‌ను తిరగేశాక గానీ పని జరగలేదు.

ఆరిపోయే టైము లెక్క సులువే. నల్లా కింద బిందె పెట్టినట్టు, రెసిస్టర్ గుండా వచ్చే కరెంటుతో కెపాసిటర్ నిండుతుంది. దాని వోల్టేజీ సప్లైలో మూడింట రెండు వంతులకు చేరగానే 555 లైటు ఆర్పేస్తుంది. నల్లా ధార సన్నగా ఉన్నా, బిందె పెద్దదైనా ఎక్కువసేపు పడుతుంది. సూత్రం: 1.1 × రెసిస్టర్ × కెపాసిటర్. 1971లో హాన్స్ కామెంజిండ్ డిజైన్ చేసిన ఈ చిన్న ఐసీ ఇప్పటికీ పిల్లల చేతుల్లో తిరుగుతోంది.

మా అబ్బాయి 100 కిలో ఓమ్‌లు, 100 మైక్రోఫారడ్‌లు పెట్టాడు: 11 సెకన్లు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. మర్నాడు తల దించుకుని వచ్చాడు. "సగం దారిలోనే ఆరిపోయింది మేడమ్. 'నేను పోయేదాకా ఆగుతలేదురా నీ లైటు' అన్నది నానమ్మ."

సెన్సర్ గది గుమ్మం దగ్గర ఉంది. మలుపు తిరిగాక ఆమె దానికి కనిపించరు. మొదటి నుంచీ చీకటైతే గోడ పట్టుకుని నడుస్తారు. వెలుగును నమ్మి నడిచేవారికి మధ్యలో కమ్మే చీకటి ఇంకా ప్రమాదం. ఇంతకీ ఆ 11 సెకన్లు ఎక్కడివి? వాడు తన నడకకు 8 సెకన్లు లెక్కపెట్టుకుని, కొంచెం కలిపాడు. నానమ్మ నడకను కొలవాలని వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ రాత్రి కొలిచాడు: 40 సెకన్లు. రెసిస్టర్‌ను 470 కిలో ఓమ్‌లకు మార్చాడు. లెక్క ప్రకారం 52 సెకన్లు రావాలి, గడియారం 58 చూపించింది. తప్పు చేశానేమోనని కంగారుపడ్డాడు. ఇలాంటి కెపాసిటర్ల విలువ రాసినదానికి 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చని చెప్పాను. ఆ ఆరు సెకన్లు నానమ్మకు లాభమే!

అప్పుడు బీఈడీలో చదివిన ఒక విషయం గుర్తొచ్చింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు మెరుగవుతాయని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కానీ, క్లాసులో పాటించలేదు. నేనూ నా వేగానికే టైమర్ పెట్టుకున్నాను. ఇప్పుడు ప్రశ్న అడిగాక మనసులో లెక్కపెడుతున్నాను. ఎప్పుడూ మాట్లాడని ఇద్దరు ముగ్గురు చేతులెత్తుతున్నారు.

మీ పిల్లలు ఇలాంటిది చేస్తామంటే దయచేసి చేయనివ్వండి. 9 వోల్టుల అడాప్టర్ చాలు. ఇంటి కరెంటు బోర్డు జోలికి మాత్రం పోనివ్వకండి. మొదటిసారి పనిచేయకపోతే వెంటనే కొత్తది కొనివ్వకండి. "ఎవరి కోసం చేస్తున్నావు? వాళ్లకు ఎన్ని సెకన్లు కావాలి?" అని ఒక్కసారి అడగండి. అడిగాక, కాస్త ఆగండి.