విశాఖపట్టణమున పెనుగాలి

అనంతపురపు మెట్టసీమలో పెరిగిన నాకు గాలివాన యనగా దుమ్ము రేగి నాలుగు చినుకులు పడుటయే. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమున మా యక్కగారి యింట నుండగా హుద్‌హుద్ తుపాను తీరము దాటెను. గంటకు 170 కిలోమీటర్ల పైచిలుకు వేగముతో వీచిన యా గాలి యేనుగువలె ఘీంకరించెను. తలుపునకు బల్ల నడ్డుపెట్టి, దానికి వీపు లానించి కూర్చుంటిమి. పెరటి వేపచెట్టు వేళ్లతో పెకలి పడెను.

మధ్యాహ్నము గాలి హఠాత్తుగా నిలిచెను. వెలుతురు వచ్చెను. గండము గడచినదని నేనే బల్ల తొలగించి గడియ తీసితిని. అక్క చిన్నకుమారుడు చెంగున వాకిట దూకెను. అక్క వాని రెక్కపట్టి లోనికి లాగి, "ఇది తుపాను కన్నే! తక్కిన సగము వెనుకనే యున్నది" అనెను. తుపాను నడుమ గాలి లేని చోటును కన్ను అందురట. అదియే అపుడు మా మీదుగా సాగుచుండెను. కొంతసేపటికే గాలి యెదురుదిక్కునుండి విరుచుకొనిపడి, బాలుడు నిలిచిన చోటనే పొరుగింటి రేకుల కప్పును విసరివేసెను. నా చేతులు వణకెను.

సోదరీమణులారా! గాలి నిలిచినంతనే తుపాను పోయినదని తలపకుడు. తుపాను దాటినదని అధికారులు చెప్పువరకు గడియ తీయకుడు.