సముద్రానికి పట్టా ఉన్న చోట

కొరోన్ పట్నం కొరోన్ దీవిలో లేదు. ఫిలిప్పీన్స్ పటంలో పలావన్ ప్రావిన్సు ఉత్తరపు కొసన బుసువాంగా అనే పెద్ద దీవి ఉంది. విమానం దిగేదీ, బస చేసేదీ, పడవ మాట్లాడుకునేదీ ఆ దీవిలోని కొరోన్ పట్నంలోనే. అసలు కొరోన్ దీవి దానికి ఎదురుగా, కాస్త దూరంలో, నీళ్ళలోంచి నిటారుగా లేచిన నల్లటి సున్నపురాయి కొండలతో నిలబడి ఉంటుంది. పట్నం సందడి అక్కడ ఏమీ లేదు. అది తగ్బన్వా అనే ఆదివాసులది. చుట్టూ ఉన్న సముద్రం కూడా వాళ్ళదే. దీవిలో ఎక్కడ దిగాలన్నా వాళ్ళకి రుసుము కట్టి టికెట్టు తీసుకోవాలి. వాళ్ళు దిగవద్దన్న చోట దిగకూడదు.

ఈ సంగతి మాకు ముందే చెప్పింది డాక్టరు. మేమందరం ఇంటర్ నాటి స్నేహితులం. తనది నిజామాబాద్. తెలుగు రాష్ట్రాల నుంచి ఎంతోమంది పిల్లలు వెళ్ళినట్టే మెడిసిన్ చదవడానికి దావావ్ వెళ్ళి, అక్కడి బిసాయా భాషా, దాంతోపాటు తగలోగూ పట్టుకొచ్చింది. ఈ ప్రయాణానికి మా నోరూ చెవులూ తనే. ఇంకో మిత్రుడిది కాకినాడ దగ్గర ఉప్పాడ, వేటకెళ్ళే కుటుంబం. వీళ్ళిద్దరూ పక్కన లేకపోతే నేను ఆ దీవుల్లో సగం కూడా చూసి ఉండేవాణ్ణి కాదు.

కొరోన్ నుంచి దక్షిణంగా ఎల్ నిడో దాకా, దారిలో దీవుల మీద పడుకుంటూ పడవలో వెళ్ళాలన్నది మా ఆలోచన. స్పీడు బోటెక్కితే కొన్ని గంటల దారే. కానీ మధ్యలో ఉన్నవన్నీ వదిలేసి అంత తొందరగా చేరుకుని ఏం చేస్తాం?

పడవని అక్కడ బంకా అంటారు. సన్నగా పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కలా చేతులు చాపినట్టు వాసాలు, వాటి చివర్న నీళ్ళని తాకుతూ పొడుగాటి వెదుళ్ళు. ఉప్పాడ వాడు ఎక్కగానే సీట్లో కూర్చోలేదు, వంగి ఆ కట్లు చూశాడు. వాసాన్నీ వెదురునీ కలిపేది మేకు కాదు, నైలాన్ దారం. "మేకు కొడితే కెరటానికి ఊడిపోద్ది. దారం కాబట్టి కాస్త ఊగి తట్టుకుంటంది," అన్నాడు. మా సరంగు, యాభై దాటిన మనిషి, ఆ మాట డాక్టరు చెప్పగా విని, వెంటనే వీణ్ణి వెనక్కి పిలిచి ఇంజను చూపించాడు. అది పాత లారీ ఇంజను. అక్కణ్ణుంచి ఎల్ నిడో చేరేదాకా వాళ్ళిద్దరూ ఒక జట్టు. సరంగుని అందరం అక్కడి పద్ధతిలో కుయా అని, అంటే అన్నా అని, పిలిచాం.

తీర రక్షకదళం మనుషులొచ్చి తలలు లెక్కపెట్టి, లైఫ్ జాకెట్లు చూసి వదిలాక, ముందుగా కొరోన్ దీవిలోని కయాంగన్ సరస్సుకి వెళ్ళాం. పడవ ఒక సన్నటి కయ్యలోకి దూరి ఆగుతుంది. అక్కణ్ణుంచి కొండ ఎక్కి అవతలికి దిగాలి. మెట్లు నిటారుగా ఉంటాయి, చెమట ధారగా కారుతుంది. పైన ఒక మలుపులో వెనక్కి తిరిగితే, మనం వచ్చిన కయ్య కింద ఆకుపచ్చగా, దాని నోటి దగ్గర నీలంగా కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్ పర్యాటక పోస్టర్లన్నిటిలో ఉండే బొమ్మ అదే. పోస్టరు అబద్ధం చెప్పలేదు. అవతల దిగితే కొండల మధ్య సరస్సు. చెక్క వంతెన మీంచి నీళ్ళలోకి దిగాక, అడుగున రాళ్ళు పదునుగా, ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేంత తేట. పక్కనే ఉన్న బరకూడా సరస్సు ఇంకా వింత. పైన మంచినీళ్ళ పొర, కింద ఉప్పునీళ్ళ పొర, రెండూ కలవవు. లోతుకి దిగేవాళ్ళకి ఒక చోట నీళ్ళు ఉన్నట్టుండి వేడెక్కుతాయి.

ఇలాంటి సరస్సులు ఆ దీవిలో ఇంకా ఉన్నాయి. మనకి తెరిచినవి కొన్నే. మిగతావి తగ్బన్వాలకి పవిత్ర స్థలాలు. వాటి నీళ్ళలో ఆక్టోపస్ వంటి పెద్ద శక్తి కాపు ఉంటుందని పెద్దల నమ్మకం. సముద్రంలోనూ కొన్ని చోట్లు అలాంటివే, అక్కడ చేపలు పట్టరు. మా కుయా తల్లి వైపు తగ్బన్వా. "ఎప్పుడైనా ఆ సరస్సుల్లోకి వెళ్ళావా కుయా?" అని డాక్టరు అడిగింది. లేదన్నాడు. వెళ్ళాలని అనిపించలేదా అంటే, ఎందుకు అనిపించాలి అన్నట్టు చూశాడు.

ఆ దీవి వాళ్ళ చేతికి ఊరికే రాలేదు. ఆ సున్నపురాయి గుహల్లో ఒక రకం చిన్న పిట్టలు తమ ఉమ్మితో గూళ్ళు కడతాయి. చైనా వంటల్లో వాటికి చాలా ఖరీదు. ఏ గుహ ఏ కుటుంబానిదో తగ్బన్వాల్లో తరాలుగా ఒప్పందం ఉంది. కొన్నాళ్ళు మునిసిపాలిటీ ఆ గుహల హక్కుని బయటివాళ్ళకి వేలం వేసింది. 1980ల నాటికి సముద్రం మీద కూడా దాడి మొదలైంది. బయటి పడవలొచ్చి డైనమైట్ పేల్చి, సయనైడ్ చల్లి చేపలు పట్టాయి. బతికున్న గ్రూపర్ చేపకి హాంకాంగ్ హోటళ్ళలో గిరాకీ, సయనైడ్‌తో చేప చావకుండా మత్తెక్కుతుంది. చచ్చేది పగడపు దిబ్బ. తిండికి చేప కరువైన తగ్బన్వాలు 1985లో సంఘం పెట్టుకున్నారు. మొదట అడవి మీద హక్కు తెచ్చుకున్నారు. తర్వాత, ఇల్లూ పొలం లాగే నీళ్ళు కూడా మా తాతల ఆస్తి అన్నారు. 1997లో ఆదివాసీ హక్కుల చట్టం వచ్చింది. 1998లో వాళ్ళకి 22,284 హెక్టార్లకి హక్కుపత్రం దక్కింది. అందులో నేలకన్నా నీళ్ళే ఎక్కువ. మన పోడు భూముల పట్టాల గొడవలు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి కాబోలు, సముద్రానికి పట్టా అన్న ఆలోచన నన్ను పట్టుకుని వదల్లేదు. టికెట్టు డబ్బులు ఇంత సంతోషంగా ఇంకెక్కడా కట్టలేదు.

ఉప్పాడ వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా కాడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. గవర్నమెంటోళ్ళు ఆపుతారు, ఆగుతాం. ఈళ్ళు ఎవరూ ఆపకుండానే కొన్ని చోట్లకి తరాలుగా ఎళ్ళకుండా ఉన్నారు చూడు."

సాయంత్రం లోపు మునిగిన ఓడ ఒకటి చూశాం. 1944 సెప్టెంబరు 24న అమెరికా నౌకాదళ విమానాలు కొరోన్ అఖాతంలో దాక్కున్న జపాన్ ఓడల మీద బాంబులు వేశాయి. ఇరాకో, ఒకికావా మారు, అకిత్సుషిమా వంటి పెద్ద ఓడలు లోతుల్లో ఉన్నాయి, అవి గాలి సిలిండర్లు కట్టుకుని మునిగేవాళ్ళవి. ఒడ్డుకి దగ్గర్లో ఉన్న చిన్న ఓడ మాత్రం మాలాంటివాళ్ళకి పైనుంచే కనిపిస్తుంది. చట్రం తప్ప మిగల్లేదు. దాని మీద పగడాలు, మధ్య గుంపులుగా చేపలు.

మర్నాడు కూలియన్ వెళ్ళాం. మామూలుగా పడవల వాళ్ళ జాబితాలో ఆ దీవి ఉండదు, డాక్టరు పట్టుబట్టింది. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి ఉన్న జిల్లాలో పుట్టి పెరిగింది తను. చిన్నప్పుడు ఆ దారిన వెళ్తే బస్సులో పెద్దవాళ్ళు గొంతు తగ్గించడం గుర్తుందట. కూలియన్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద కుష్ఠు కాలనీ. అమెరికన్ల పాలనలో, 1906 మే నెలలో, సెబూ నుంచి మొదటి ఓడలో 370 మందిని తెచ్చి దింపారు. మరుసటి ఏడాది చట్టం చేసి దేశం నలుమూలల నుంచీ రోగుల్ని పట్టి పంపారు. వాళ్ళు ముట్టుకున్న డబ్బు బయటికి రాకూడదని ఆ దీవికి వేరే నాణేలు కొట్టారు. అక్కడ పుట్టిన బిడ్డల్ని తల్లుల నుంచి విడదీసి పెంచారు.

పాత ఆసుపత్రి భవనంలో మ్యూజియం ఉంది. రోగుల దస్త్రాలు, ఫొటోలు, ఆ నాణేలు. డాక్టరు ఒక్కొక్క ఫొటో ముందు ఆగి, వేళ్ళ తీరు, ముఖం మీది మచ్చలు చూస్తూ ఏ దశలో ఉన్న వ్యాధో మాకు చెప్పుకుంటూ వచ్చింది. పసిపిల్లల నర్సరీ ఫొటో దగ్గర మాత్రం చెప్పడం మానేసింది. 1980ల్లో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స ఇక్కడ అమలైంది, వ్యాధి తగ్గింది. 1992లో కూలియన్ మామూలు మునిసిపాలిటీ అయ్యింది. ఇప్పుడు అక్కడున్న వాళ్ళలో చాలామంది ఆ రోగుల, వాళ్ళని చూసిన ఉద్యోగుల సంతానం. కొండ మీద రాళ్ళతో తీర్చిన పెద్ద గద్ద బొమ్మ ఉంది, 1926లో రోగులే చేశారు. ఎక్కి చూశాం. కింద చర్చి ఎర్రగా, చుట్టూ పాత కోట గోడ, దాని అవతల అదే నీలం నీళ్ళు.

ఒక దీవిని దాని మనుషులు పోరాడి నిలబెట్టుకున్నారు. ఇంకో దీవికి మనుషుల్ని ఈడ్చుకొచ్చి పడేశారు. రెంటి మధ్యా పడవలో రెండు గంటల దారి కూడా లేదు. అందమైన చోట్లని అందం కోసమే చూసి వచ్చేయమనే యాత్రా పుస్తకాలంటే నాకు కోపం. కూలియన్ పేరు ప్రతి పడవ జాబితాలోనూ ఉండాలి.

కూలియన్ దాటాక సముద్రం మారింది. లినపకాన్ దీవుల దగ్గర ఈశాన్యపు గాలి పెరిగి, కెరటాలు వెదుళ్ళ మీదికెక్కాయి. అందరం తడిసి ముద్దయ్యాం. కుయా ఇంజను తగ్గించి, కెరటానికి కాస్త ఏటవాలుగా పడవని నడిపించాడు. ఉప్పాడ వాడు అమరంలో అతని పక్కనే కూర్చుని, ఏ కెరటం దగ్గర ఏం చేస్తున్నాడో ప్రతిదీ గమనించాడు. ఒక దీవి వెనక మరుగులోకి రాగానే నీళ్ళు ఒక్కసారిగా సద్దుమణిగాయి.

ఆ రాత్రి ఇసుక తిన్నె మీద వెదురు పాకల్లో పడుకున్నాం. తిండి సంగతి చెప్పాలి. పడవలోని వంటవాడు పొద్దున పట్టిన చేపని బొగ్గుల మీద కాల్చాడు, వంకాయలు కూడా కాల్చి ఉల్లిపాయతో కలిపాడు. చిన్న నిమ్మకాయల వంటి కలమాన్సీ పిండుకుని తిన్నాం. సముద్రంలో పెరిగే ద్రాక్ష గుత్తుల వంటి నాచు, పచ్చిగానే. అన్నిటికన్నా చివర్న సినిగాంగ్ వచ్చింది. చింతపండు పులుపు, తూటికూర, టమాటా, చేప. కారం ఒక్కటే తక్కువైన మనింటి చేపల పులుసు అది. అందరం మాటలు మానేసి అన్నంలో కలుపుకున్నాం. డాక్టరు ఎప్పటినుంచో దాచి తెచ్చుకున్న పచ్చిమిరపకాయలు తీసి పంచింది, కుయా కూడా ఒకటి కొరికి నవ్వాడు.

2013 నవంబరులో వచ్చిన పెద్ద తుపాను గురించి ఆ రాత్రే చెప్పాడు. ప్రపంచం దాన్ని హయాన్ అంది, వాళ్ళు యోలాండా అంటారు. మధ్య ఫిలిప్పీన్స్‌ని ఊడ్చేసి, చివరికి బుసువాంగా మీదుగా పోయింది. తన పాత పడవ అప్పుడే పోయిందట. ఉప్పాడ వాడు తమ ఊళ్ళో సముద్రం ఏటేటా ఇళ్ళని ఎలా మింగుతోందో చెప్పాడు. వీధులే లోపలికి పోయాయన్నాడు. డాక్టరు అటూ ఇటూ తర్జుమా చేస్తూనే ఉంది. కుయా ఆ ఊరి ఫొటోలు అడిగి చూశాడు.

ఎల్ నిడో గురించి క్లుప్తంగానే రాస్తాను, దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. బకుయిట్ అఖాతంలో నలభైకి పైగా దీవులు, అన్నీ సున్నపురాయి కొండలే. ఆ రాయి 25 కోట్ల ఏళ్ళ నాటిది. ఉత్తర పలావన్ ఒకప్పుడు దక్షిణ చైనా అంచున ఉన్న నేల. సుమారు 3 కోట్ల ఏళ్ళ క్రితం దక్షిణ చైనా సముద్రం తెరుచుకోవడం మొదలైనప్పుడు విడివడి ఇటు జరిగింది. మినిలాక్ దీవిలోని పెద్ద కయ్యలోకి ఇప్పుడు మనుషుల సంఖ్యకి పరిమితి ఉంది. చిన్న తెడ్డు పడవలో నెమ్మదిగా వెళ్తే, రెండు వైపులా నల్లటి రాయి మీద పెరిగిన పచ్చటి తీగలు తల మీదికి వంగి కనిపిస్తాయి. పరిమితి పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

రేవులో కుయా దగ్గర సెలవు తీసుకున్నాం. అతను కొత్త ప్రయాణికులతో మళ్ళీ ఉత్తరానికి, మేం వ్యాన్‌లో ప్యూర్టో ప్రిన్సెసాకి. దారిలో ఉప్పాడ వాడు తండ్రికి ఫోన్ చేసి కొరోన్ సముద్రం పట్టా కథంతా చెప్పాడు. అటునుంచి ఆయన గొంతు మాకందరికీ వినిపించేంత గట్టిది.

"అదంతా సరే, వల కన్నెంత పెడతన్నారు?"

"వలకన్నా గాలమే ఎక్కువ నాన్నా."

"ఎర ఏటి?"

వీడు డాక్టరు వైపు చూశాడు. తను అప్పటికే ఫోన్లో కుయాకి ఆ ప్రశ్న పంపుతోంది. రోహాస్ ఊరు దాటకముందే జవాబు వచ్చింది: స్క్విడ్ ముక్కలు, దొరక్కపోతే చిన్న చేప. వీడు మళ్ళీ ఫోన్ కలిపి చెప్పాడు.

"సూరకి మనమూ అదే ఏత్తాం కదరా," అన్నాడాయన. "లోతెంతో కూడా కనుక్కో."