డకార్‌లో ఆటవిడుపు

ఆటవిడుపు అనే మాట మన ఇళ్ళలో పిల్లలకే గానీ మనకెక్కడిదండీ! ఆదివారం వచ్చిందంటే టిఫిన్లు, తలంట్లు, చుట్టాలు... పని రెట్టింపు. అలాంటి మనతో, "కొంతమంది కుర్రకారు ఓ బంతాట కోసం రాత్రీపగలూ బండ్లలో పడి వెళతారట" అని ఎవరైనా అంటే, "వేరే పనీపాటా లేదేమో!" అనేస్తాం. కానీ వాళ్ళు ఎవరో, ఎక్కణ్ణించి వస్తారో తెలిశాక అలా అనబుద్ధి కాదు.

అందుకే ఈసారి మిమ్మల్ని డకార్ తీసుకెళుతున్నాను. ఇది సెనెగల్ దేశపు రాజధాని. పిల్లల అట్లాసు ఉంటే ఓసారి తెరిచి చూడండి. ఆఫ్రికా ఖండం అట్లాంటిక్ సముద్రంలోకి ముక్కు చాచినట్టు ఉంటుందే, ఆ ముక్కు కొస మీద ఉంది ఈ ఊరు. మూడు వైపులా సముద్రమే. ఫిబ్రవరిలో ఇక్కడ హాయిగా ఉంటుంది. అదే నెలలో లోపలి జిల్లాల్లో మాత్రం సహారా ఎడారి నుంచి వచ్చే పొడిగాలికి పెదవులు పగిలిపోతాయి. ఎండిన బట్టల మీద కూడా ఎర్రదుమ్మే.

మన కుర్రకారు వచ్చేది ఆ దుమ్ములోంచే. వీళ్ళు అమెరికా వారి పీస్ కోర్ వాలంటీర్లు. 1961 మార్చి 1న అధ్యక్షుడు కెన్నెడీ మొదలుపెట్టిన సంస్థ ఇది. అన్నట్టు, ఇది మనకు పరాయి సంగతేం కాదు. 1961 నుంచి 1976 దాకా ఈ వాలంటీర్లు మన దేశంలోనూ పనిచేశారు. జిమ్మీ కార్టర్ గారి తల్లి లిలియన్ కార్టర్ 68 ఏళ్ళ వయసులో, 1966లో వచ్చి, బొంబాయి దగ్గర విక్రోలీలో నర్సుగా సేవ చేసి వెళ్ళారు. మనవలనెత్తిన వయసులో! అప్పటికింకా కొడుకు దేశాధ్యక్షుడు కాలేదు లెండి.

మొత్తం 27 నెలలు. మొదట మూడు నెలలు శిక్షణ, తర్వాత రెండేళ్ళు ఏదో ఒక పల్లె. సెనెగల్‌లో వాలంటీరు ఓ కుటుంబంతోనే కలిసి ఉండాలి. ఆ ఇంటివాళ్ళు తమ ఇంటిపేరుతో సహా కొత్త పేరు పెడతారు. అంటే అత్తారింటికి వెళ్ళిన కొత్తకోడలి పరిస్థితే! భాష రాదు, వంట వేరు, కూర్చునే తీరు వేరు. బావి దగ్గర చేద సరిగ్గా లాగకపోయినా నవ్వుతారు. పైగా ఆ ఊళ్ళో తన భాష మాట్లాడేవాళ్ళు మరొకరుండరు. ప్రేమగా చూసుకోరని కాదు, చాలా ప్రేమగా చూసుకుంటారు. కానీ రోజంతా పరాయి భాషలో ఆలోచించి ఆలోచించి రాత్రికి మెదడు అలిసిపోతుంది. కొత్తగా ఢిల్లీకో నాగపూర్‌కో కాపురానికి వెళ్ళిన వాళ్ళని అడగండి, చెబుతారు.

ఇలాంటి వాళ్ళంతా ఫిబ్రవరిలో ఓ వారాంతానికి డకార్ చేరతారు. ఆ పోటీ పేరు వెస్ట్ ఆఫ్రికన్ ఇన్విటేషనల్ సాఫ్ట్‌బాల్ టోర్నమెంట్. పొడి అక్షరాలు కలిపితే 'వెయిస్ట్', అంటే నడుము! ఆట తర్వాత పట్టేసేది కూడా అదే మరి. సెనెగల్ వాలంటీర్లే కాక గాంబియా నుంచీ, ఇతర పొరుగు దేశాల నుంచీ జట్లు వచ్చేవి. మారిటేనియాలో 2009లో, మాలిలో 2012లో పరిస్థితులు చెడి అక్కడి వాలంటీర్లను వెనక్కి పిలిపించేసరికి ఆ జట్లు తగ్గాయి.

రావడం అంత సులువనుకున్నారా? ఆగ్నేయ మూలనున్న కేడుగూ నుంచి డకార్ సుమారు 700 కిలోమీటర్లు. 'సెత్ ప్లాస్' అనే పాత ప్యూజో కారులో ఏడుగురిని కూరి తీసుకొస్తారు. ఏడో మనిషి వచ్చేదాకా బండి కదలదు. మన ఊళ్ళలో షేర్ ఆటోలు ఎక్కేవాళ్ళకు ఈ సుఖం కొత్త కాదు. గాంబియా వాళ్ళకు మధ్యలో నది అడ్డం. 2019లో ఫరఫెన్ని దగ్గర వంతెన తెరిచేదాకా అందరికీ పంటే గతి.

ఇంతకీ సాఫ్ట్‌బాల్ అంటే? మన బడిపిల్లల పోటీల్లోనూ ఉంది, మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. 1887లో చికాగోలో ఓ చలికాలపు రోజున నాలుగు గోడల మధ్య కూర్చున్న కుర్రాళ్ళు బాక్సింగ్ గ్లవ్‌ను ఉండచుట్టి బంతిగా, చీపురు కర్రను బ్యాటుగా చేసుకుని ఆడిన ఆట ఇది. చూశారా, చీపురు మన చేతిలో ఉంటే పని, వాళ్ళ చేతిలో ఉంటే ఆట! బంతిని చెయ్యి కిందినుంచి విసరాలి. కొట్టినవాళ్ళు నాలుగు మూలలూ చుట్టి రావాలి. పేరుకు 'సాఫ్ట్' గానీ ఆ బంతి క్రికెట్ బంతికంటే పెద్దది, బరువూ ఎక్కువే.

గెలవాలని పట్టుదలగా ఆడే జట్లు కొన్నే. మిగతా వాళ్ళంతా వేషాలు కట్టి వస్తారు. ఊరి దర్జీ చేత ఒకే రంగురంగుల గుడ్డతో జట్టంతటికీ బట్టలు కుట్టించుకుని దిగుతారు. ఆట రానివాళ్ళకు కూడా చోటుంటుంది, నాకు నచ్చింది అదే.

మరో మాట కూడా చెప్పాలి. పేద దేశంలో కూర్చుని ఇదేం జాతర అని ముఖం చిట్లించేవాళ్ళూ ఉన్నారు. సెనెగల్ జనానికి ప్రాణం ఫుట్‌బాల్, 'లాంబ్' అనే కుస్తీ. ఈ ఆటతో వాళ్ళకు సంబంధం లేదు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ రెండేళ్ళపాటు పొద్దస్తమానం మంచి పిల్లగా మసలుకోవడం ఎంత కష్టమో మనకు తెలియనిదా?

ఈ సంబరంలో పెద్ద పని చేసేది డకార్‌లో కాపురముంటున్న అమెరికన్ ఇల్లాళ్ళు. వాలంటీర్లను తమ ఇళ్ళలో దింపుకుంటారు. వేడినీళ్ళు, మెత్తటి పరుపు, బట్టలుతికే మెషీను. నెలల తరబడి బకెట్ నీళ్ళతో సరిపెట్టుకున్న పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? అతిథి మర్యాదకు సెనెగల్ వారి మాట 'తెరంగా'. పరదేశపు ఇల్లాళ్ళకూ అది అబ్బినట్టుంది.

ఇక తిండి సంగతి. ఇక్కడి పెద్ద వంటకం 'చెబుజెన్'. చేపలు, టమాటా, కూరగాయలు వేసి ఉడికించిన అన్నం. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దానికి వాడేది ఏమనుకున్నారు? మనం పక్కకు తీసేసే నూకలు! ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో వియత్నాం వైపు నుంచి చవగ్గా దిగిన నూకలే అక్కడ రుచి అయి కూర్చున్నాయి. పెద్ద బేసిన్ చుట్టూ అందరూ కూర్చుని, ఎవరి ముందున్నది వాళ్ళే తినాలి. చేప ముక్కల్ని విరిచి పంచేది ఇంటావిడ.

మైదానంలో దాహానికి 'బిస్సాప్' తాగుతారు. అది ఎర్ర గోంగూరే నండీ! పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే దళసరి ఎర్ర రేకుల్ని ఎండబెట్టి దాచుకుంటారు. గుప్పెడు రేకులు కడిగి, లీటరు నీళ్ళలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. తీపికి సరిపడా పంచదార, నాలుగు పుదీనా ఆకులు వేసి చల్లార్చండి. ముదురు ఎరుపు, పులుపు, తీపి. తెల్లచీర కట్టుకుని మాత్రం వడకట్టకండి.

సోమవారమో మంగళవారమో తిరుగు ప్రయాణం. ఉత్తచేతులతో వెళ్ళకూడదు. ఊరెళ్ళి వచ్చినవాళ్ళు తెచ్చే కానుకను మండింకా భాషలో 'సిలాఫాండో' అంటారు. పెద్దవాళ్ళకు కోలా కాయలు, పిల్లలకు పట్నపు రొట్టె. బండి దిగగానే పెట్టుడు పేరుతో పిలుస్తూ పిల్లలు ఎదురొస్తారు.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు మాత్రం ఈ సంస్థ ప్రపంచం మొత్తం మీద ఉన్న దాదాపు 7000 మందినీ ఒక్కసారిగా వెనక్కి పిలిపించింది. 60కి పైగా దేశాల నుంచి, కొద్దిరోజుల వ్యవధిలో. ఎందరికో ఊరివాళ్ళతో సరిగ్గా వెళ్ళొస్తానని చెప్పుకునే వ్యవధి కూడా దొరకలేదు. మళ్ళీ వాలంటీర్లు ఒక్కో దేశానికీ బయలుదేరింది 2022 మార్చి నుంచి. వచ్చినవాళ్ళు కొత్తవాళ్ళు. వాళ్ళకు మళ్ళీ కొత్త పేర్లు పెట్టుకున్నారు ఆ ఇళ్ళలో.