ఎలుగుబంటి బిళ్లలు

ఫోన్ తెరిస్తే చాలు, విటమిన్ గమ్మీల ప్రకటనలో అమ్మాయి ప్రత్యక్షం. చేతిలో గులాబీరంగు డబ్బా, మొహంలో ఎక్కడలేని జాలి. "నువ్వు వేసుకునే బర్త్ కంట్రోల్ పిల్ నీ ఒంట్లో విటమిన్లన్నీ దోచేస్తోంది, తెలుసా?" అంటుంది. డబ్బాలో ఎలుగుబంటి పిల్లల ఆకారంలో రంగురంగుల బిళ్లలు. ఆ డబ్బా ఖరీదుతో ఎడిసన్‌లో ఇద్దరం కడుపునిండా టిఫిన్ చేసి రావచ్చు.

పోనీ అంతా అబద్ధమా అంటే అదీ కాదు. అందుకే ఒళ్లు మండేది. ఈస్ట్రోజెన్ ఉన్న పిల్ వాడేవాళ్ల రక్తంలో బీ6 తగ్గుతుందని డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. ఫోలేట్ కూడా కాస్త తగ్గొచ్చు. పిల్ మానిన వెంటనే కడుపొస్తే బిడ్డ వెన్నుకు ఇబ్బంది కాకూడదని, ఫోలేట్ కలిపిన బెయాజ్ అనే పిల్‌కు 2010లో ఇక్కడ అమెరికాలో అనుమతిచ్చారు కూడా.

మరి బీ12? గుడ్డు కూడా ముట్టని ఇంటిదాన్ని, రక్తపరీక్ష రిపోర్టులో తక్కువ చూసి గుండె జారింది. మా డాక్టరమ్మ తాపీగా చెప్పింది: పిల్ వల్ల రక్తంలో బీ12ని మోసే ప్రొటీన్ తగ్గుతుందట, దాంతో అంకె కూడా తగ్గుతుందట. నిజంగా కొరత ఉందో లేదో తెలియడానికి మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష రాసింది. అది బాగానే వచ్చింది. విటమిన్ డీ మరీ విడ్డూరం. దాన్ని మోసే ప్రొటీన్ పిల్ వల్ల పెరుగుతుంది కాబట్టి రిపోర్టులో డీ ఎక్కువే కనిపిస్తుంది, పిల్ మానితే దిగుతుంది. విటమిన్ ఏ కూడా పెరిగేదే. గమ్మీల డబ్బా తిప్పి చూశాను. ఏ ఉంది, డీ ఉంది!

పిల్ అమ్మాలంటే ఎఫ్‌డీఏ ముందు రుజువులు పెట్టాలి. ఎలుగుబంట్లకు సప్లిమెంట్ల మీద వచ్చిన 1994 చట్టం పుణ్యమా అని ఆ బాధ లేదు.

ఈ దేశాన్ని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకుంటాను. 2012 నుంచి చాలా ఇన్సూరెన్సుల్లో పిల్స్‌కు మన చేతినుంచి పైసా పడదు. కౌంటర్లో కుర్రాడు కనుబొమ్మ కూడా ఎత్తడు. మా ఊరి మెడికల్ షాపులో అయితే పేపర్లో చుట్టి, అటూ ఇటూ చూసి ఇచ్చేవాడు.

అలాగని మనవాళ్లేం తక్కువ తినలేదు. మన మాలా-డి పిల్ ప్యాకెట్లో 28 బిళ్లలు: 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి. బొమ్మల్లేవు, జాలి మాటల్లేవు. 

కానీ ఆ మాలా-డి వాడిందెవరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషనే. నా తమ్ముడు పుట్టాక, మా అమ్మకూ పాతికేళ్లు నిండకముందే చేయించేశారు. నర్సమ్మ పొట్లం కట్టిచ్చిన ఐరన్ బిళ్లల్ని అమ్మ సన్నజాజి కుండీలో పాతేసేది, తుప్పు వాసనని.

మొన్న ఫోన్లో అడిగాను, "అమ్మా, అప్పుడు మాత్రలు వాడదామని అనుకోలేదా?" అని.

"మాత్రల సంగతి మాకెవరు చెప్పారే? క్యాంపు ఏ రోజో చెప్పారు, వెళ్లాం. అది సరే, నీ రిపోర్టు ఫొటో పెట్టు, మన ఆర్ఎంపీకి చూపిస్తా" అంది.

ఆయన ఏం రాస్తాడో నాకు తెలుసు. బీ కాంప్లెక్స్ ఇంజక్షన్.