డబ్బా టీవీకి ల్యాప్‌టాప్ పెట్టిన కథ

సంక్రాంతి సెలవుల్లో నా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ డిస్‌ప్లే పోయింది. పది రోజుల్లో డిగ్రీ ప్రాజెక్టు ఇయ్యాలె. నిజామాబాద్‌లో అడిగితే కొత్త డిస్‌ప్లేకు 4,500 అన్నరు. బాను అడగబుద్ధి కాలేదు.

"టీవీకి పెట్టుకో తమ్మీ" అన్నడు హాస్టల్ సీనియరన్న. బోధన్ దగ్గర మా తండాలో ఇంట్ల ఉన్నది పాత డబ్బా టీవీ. దానికి హెచ్‌డీఎంఐ ఎక్కడిది? పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు పెట్టే రంధ్రాలే. మధ్యల కన్వర్టర్ కావాలె. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేదే తీస్కోండి, ఉల్టాది గూడ అచ్చం అట్లనే ఉంటది. నేను ఉల్టాదే తెచ్చి మళ్ల బస్సెక్కిన. 450 రూపాయలు. దానికి యూఎస్‌బీ వైరుతో కరెంటు ఇయ్యకపోతే బొమ్మ రాదు. టీవీని ఏవీలో పెట్టి, ల్యాప్‌టాప్‌ల విండోస్, పీ కలిపి నొక్కాలె. తెర నల్లగ ఉంది కాబట్టి అంతా గుడ్డి నొక్కుడే.

బొమ్మైతే వచ్చింది, అక్షరాలు మసక. సైజు 150 శాతం చేసి టైపు చేసిన. యాడి సీరియల్ టైముకు నేను లేవాలె, అది ఒప్పందం.

ప్రాజెక్టు శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ మీద. 2015 డిసెంబర్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీ. దాని ఫొటో టీవీలో రాంగనే బా మంచం దిగిండు. చెరుకు బండ్లు ఏ గేటు కాడ ఆగేటివో, తూకం కోసం రాత్రంత ఎట్ల కాసుకొని కూసునేటోళ్లో తెర మీద వేలు పెట్టి చూపెట్టిండు. నేను చదివిన పుస్తకాల్లో అది లేదు.

సీరియల్ టైమైంది. యాడి ఏమనలేదు. నేను టైపు చేస్తనే ఉన్న.