ఏ పక్షం, సార్?

ఆగస్టు 15 ఉపన్యాసానికని మా తొమ్మిదో తరగతి పిల్లవాడికి లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేశిర్ తారాపూర్ గురించి చెబుతున్నాను. హైదరాబాద్‌తో బంధమున్న పరమవీరచక్ర గ్రహీత కదా అని ఎంచుకున్నాను. 1942లో నిజాం సైన్యంలో ఆఫీసరయ్యారు, 1965 యుద్ధంలో పూనా హార్స్ రెజిమెంటును నడిపిస్తూ సియాల్‌కోట్ రంగంలో ప్రాణాలిచ్చారు అని చెప్పుకుపోతుంటే, వాడు కాగితం మీంచి తలెత్తి, "మరి పోలీసు చర్యప్పుడు ఆయన ఏ పక్షం, సార్?" అన్నాడు.

1948లో భారత సైన్యం హైదరాబాద్‌ను కలుపుకున్న ఆ చర్యప్పటికి ఆయనింకా నిజాం సైన్యంలోనే ఉన్నారని చెప్పాను. వాడు రాసుకున్నాడు. నాకే ఆ వాక్యం మింగుడుపడలేదు.

మన వీరులు పుట్టిన దగ్గర్నుంచీ ఒకే జెండా కింద నడిచి ఉండాలని మనకో కోరిక. 1948 గురించి మాత్రం మా ఇళ్లలో ఒక్కో పెద్దాయన ఒక్కోలా చెబుతాడు. ఆ సెప్టెంబర్‌లో హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ముందు. 1965లో భారత సైన్యాధిపతి ఆ చౌదరే. తన పాత సైన్యాన్ని లొంగదీసుకున్న మనిషి కింద, పదిహేడేళ్లు తిరక్కముందే తారాపూర్ పోరాడి చనిపోయారు. దీన్ని విధేయత అనాలా, సర్దుబాటు అనాలా?

పక్షమంటే పట్టింపు లేని మనిషి అనుకుందామా అంటే, అదీ కుదరదు. రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో ఉన్నప్పుడు, ఒక బ్రిటిష్ అధికారి హైదరాబాద్‌ను కించపరిస్తే ముఖానే ఎదురుతిరిగారని చెబుతారు.

నా ఆలోచన మళ్లీ మళ్లీ అంతకుముందటి సంఘటన దగ్గరికే పోయేది. గ్రనేడు విసరడంలో శిక్షణ జరుగుతోంది. ఒక రిక్రూటు విసిరింది పడాల్సిన చోట పడలేదు. తారాపూర్ ఒక్క దూకుతో దాన్ని అందుకుని అవతలికి విసిరారు. చెయ్యి దాటుతూనే పేలింది, పెంకులు ఛాతీలో దిగాయి. చూస్తున్న ఎద్రూస్ తర్వాత పిలిచి మెచ్చుకుంటే, ట్యాంకుల దళానికి మార్చమని అడిగారట. ఎంత కుర్రతనం!

1965 సెప్టెంబర్ 11న ఫిల్లోరా దగ్గర గాయపడి, వెనక్కి వెళ్లమంటే వెళ్లనన్నదీ ఆ మనిషే. అయిదు రోజుల తర్వాత, బుతూర్ డోగ్రాండీ పోరులో మరణించారు. ఆయన రెజిమెంటు 9 ట్యాంకులు పోగొట్టుకుని, శత్రువువి 60 దాకా ధ్వంసం చేసిందని ప్రశంసాపత్రం అంటుంది. నాకా అంకెలకన్నా, తన మనుషుల్ని వదిలి ఆసుపత్రికి పోనన్న మాటే ఎక్కువ చెబుతుంది. జెండా మారింది. పక్కనున్న సిపాయి ప్రాణానికి తనది పూచీ అన్న లెక్క మారలేదు. ఇది నా ఊహే కావచ్చు.

ఈ ఊహలోనూ ఒక ముల్లుంది. 1948 తర్వాత ఆ పాత సైన్యంలో చాలామందికి కొలువే లేకుండా పోయింది. వాళ్లలోనూ పక్కవాడి కోసం దూకగలిగినవాళ్లు ఉండే ఉంటారు. తారాపూర్‌కు దొరికిన రెండో యూనిఫాం వాళ్లకు దొరకలేదు. వాళ్ల గురించి మనం ఏ పిల్లవాడి చేతా ఉపన్యాసం చెప్పించం.